బారక్లఫ్ వాళ్ళమ్మాయి సోలో

ఆదివారం మధ్యాహ్నం మూడింటికి తన తమ్ముడు రేడియోలో మాట్లాడతాడని మ్యూరియల్ హోల్రాయిడ్ వారం రోజుల పాటు కనబడిన వాళ్ళందరికీ చెప్పింది. రొట్టెల కొట్లో చెప్పింది, చర్చి మెట్ల మీద చెప్పింది, ఊళ్ళోనే ఉన్న కింగ్ క్రాస్ పేటకి వెళ్ళే బస్సు డ్రైవరుకి చిల్లర ఇస్తూ కూడా చెప్పింది. అది 1987 అక్టోబరు. హాలిఫాక్స్‌లో అప్పటికే చలి ముదిరి, నల్లబడిన రాతి గోడలు పొద్దంతా చెమ్మగిల్లి ఉంటున్నాయి. ముందుగదిలో వెచ్చగా గ్యాసు మంట వెలిగించి, అల్లం కేకు ముక్కలు కోసి, అల్మారాలోంచి మంచి కప్పులు తీసి, కూతురు జిలియన్‌ని, పక్కింటి ఎల్సీని చెరో కుర్చీలో కూర్చోబెట్టింది.

మ్యూరియల్‌కి అప్పుడు అరవై ఆరేళ్ళు. తివాచీల మిల్లులో ముప్ఫై ఏళ్ళు చేసిన మనిషి. బస్సు నడిపే భర్త స్టాన్లీ పోయి మూడేళ్ళయింది. ఇంట్లో చెప్పుకోదగ్గ గొప్పవాడంటే తమ్ముడు సెసిల్ ఒక్కడే. లండన్‌లో పెద్ద పెద్ద డ్యాన్సు బ్యాండుల్లో ఆల్టో సాక్సాఫోన్ వాయించాడు, ఓడల్లో వాయించాడు, కిందటేడే రిటైరై సొంత ఊరు వచ్చేశాడు. పాత బ్యాండుల పాటలు వేసే రేడియో మనిషి ఒకాయన అతన్ని పట్టుకుని, ఆ వారం అతిథిగా పిలిచాడు.

రేడియోలో ముందు లండన్ కబుర్లు నడిచాయి. తరవాత ఆ రేడియో మనిషి, "ఇప్పుడొక అపురూపమైన గ్రామఫోను ప్లేటు వేస్తున్నాను. యుద్ధకాలంలో మన హాలిఫాక్స్ సగ్డెన్ బ్యాండు వాయించింది. పేరు 'కింగ్ క్రాస్ చివరి ట్రామ్'. ఊళ్ళో ఇది ఒక్కటే మిగిలిందంటున్నారు," అన్నాడు.

మ్యూరియల్ చేతిలో టీకెటిల్ ఆగిపోయింది. ఆ ప్లేటు ఇంకా ఎక్కడో ఉందని ఆమె అనుకోలేదు.

గీరుకుపోయిన చప్పుడు కాసేపు. దాని వెనకనుంచి ట్రంపెట్లు ఒక్కసారిగా లేచాయి. డ్రమ్ముల మీద చీపురు పుల్లలు ఊడ్చినట్టు మెత్తని దరువు. రెండు చరణాలయ్యాక అందరూ తగ్గిపోయి దారిచ్చారు. ఆల్టో ఒక్కటే బయటికి వచ్చింది. ఎక్కడా తొందరపడలేదు. తాళానికి పిసరంత వెనకగా, వానలో ట్రామ్ వెంట పరుగెత్తక్కర్లేదులే అన్నట్టు నడిచి, చివరి ఎనిమిది ఆవర్తనాల్లో ఒక్కసారిగా ఎగిరి ట్రామ్ ఎక్కేసింది.

మ్యూరియల్ కళ్ళు మూసుకుంది. ఆమె కుడి చేతి వేళ్ళు టీకెటిల్ పిడి మీద కదులుతున్నాయి.

ఆ రోజుల్లో సగ్డెన్ బ్యాండు వాయించిన రీజెన్సీ డ్యాన్సు హాలు వాసన ఆమె ముక్కుకి తగిలింది. నేల జారుడుగా ఉండాలని చల్లిన సుద్దపొడి, తడిసిన ఉన్ని కోట్లు, సిగరెట్ పొగ. మేజోళ్ళు దొరక్క కాళ్ళకి గోధుమరంగు గ్రేవీ పొడి పూసుకుని, మేజోళ్ళ కుట్టులా వెనక పెన్సిలుతో గీత గీసుకుని వచ్చిన మిల్లు పిల్లలు. సెలవు మీద వచ్చిన సైనికులు, పోలండ్ నుంచి వచ్చిన వైమానికులు, రాత్రి షిఫ్టుకి వెళ్ళేముందు ఒక్క గంట ఆడిపోదామని వచ్చిన నర్సులు. బాంబు విమానాలకి వెలుగు కనబడకుండా కిటికీలన్నిటికీ నల్ల గుడ్డలు. ఆ గుడ్డల మధ్య ఆరువందల మంది ఒకేసారి కాలు వేస్తుంటే వేదిక మీది కుర్చీ ఊగేది. బ్యాండులో పద్నాలుగుమంది మగాళ్ళు, ఒక అమ్మాయి. నలుగురు సాక్సాఫోన్ల వాళ్ళు ఒకేసారి లేచి నిలబడితే ఆ అమ్మాయి తల మిగతా వాళ్ళ భుజాల దగ్గరికి వచ్చేది.

పాట అయిపోయింది.

"ఆ సోలో వాయించినప్పుడు మీకెన్నేళ్ళు, సెసిల్ గారూ?" అని రేడియో మనిషి అడిగాడు.

"ఇరవై ఒకటండి. సెలవు మీద ఇంటికొచ్చాను. సగ్డెన్ గారు లీడ్స్ తీసుకెళ్ళి ఒక కొట్టు వెనకగదిలో వాయించమన్నారు. ఒక్కసారికే అయిపోయింది."

"ఒక్కసారికే."

"ఒక్కసారికేనండి."

మ్యూరియల్ టీకెటిల్‌ని బల్ల మీద పెట్టబోయి బల్ల అంచున పెట్టింది. అది పడింది. వేడి టీ తివాచీ మీద పారుతుంటే కూతురు గుడ్డ కోసం లేచింది. మ్యూరియల్ మాత్రం అలాగే నిలబడి రేడియో వంక చూస్తోంది. సెసిల్ 1942లో సైన్యంలో చేరాక 1946 దాకా ఇంటి గడప తొక్కలేదు. లీడ్స్ వెనకగదిలో, 1944 మార్చి నెలలో, వేళ్ళు కొంకర్లు పోతుంటే చంకల్లో పెట్టుకుని వెచ్చబెట్టుకుని ఆ సోలో వాయించింది ఆమె.

"అది నేను," అంది.

"ఏంటమ్మా?"

"ఆ సోలో. అది వాయించింది నేను."

జిలియన్ మోకాళ్ళ మీద కూర్చుని తివాచీ అద్దుతోంది. తలెత్తి నవ్వబోయి, తల్లి మొహం చూసి ఆగింది. "అమ్మా, మావయ్య ఇప్పుడే చెప్పాడు కదా. తనే అని."

"వాడు చెప్పాడు. విన్నాను."

"నువ్వు డ్యాన్సులకి వెళ్ళేదానివని తెలుసు. ఏదో వాయించేదాన్నని ఒకసారి అన్నావు కూడా..."

ఎల్సీ తన కప్పులోకి చూస్తూ కూర్చుంది. తరవాత వాళ్ళిద్దరూ వెళ్ళడానికి లేచారు. వాకిట్లో కోట్లు వేసుకుంటూ జిలియన్ గొంతు తగ్గించి అడగడం మ్యూరియల్‌కి స్పష్టంగా వినిపించింది.

"ఎల్సీ ఆంటీ, ఈ మధ్య అమ్మ ఇలా ఏమైనా అంటోందా? ఏవైనా మర్చిపోతోందా?"

తమ్ముడి మాటకి దిమ్మెరపోయిన మనిషికి, కూతురి మాటకి ఒళ్ళు చల్లబడింది. తలుపు మూసుకున్నాక చాలాసేపు ఆ తడి తివాచీ పక్కనే కూర్చుంది. తప్పు కూతురిది కాదనిపించింది. ఆ పిల్ల పుట్టేసరికి ఇంట్లో సాక్సాఫోనే లేదు. లేనిదాని గురించి ఎవరు అడుగుతారు, ఎవరు చెబుతారు?

ఆ సాక్సాఫోన్ అసలు సెసిల్ కోసమే వచ్చింది. వాళ్ళ నాన్న హెర్బర్ట్ బారక్లఫ్ మిల్లు వాళ్ళ ఇత్తడి బ్యాండులో కార్నెట్ అనే చిన్న బాకా వాయించేవాడు. సినిమాలకి మాటలొచ్చి, హాల్లో కూర్చుని వాయించే వాళ్ళ పనులు పోయినప్పుడు, అలాంటి ఒకాయన దగ్గర ఆ ఆల్టో కొన్నాడు. సెసిల్‌కి అప్పుడు బంతాట తప్ప ఏదీ పట్టదు. రెండేళ్ళు పెద్దదైన మ్యూరియల్ అది తీసి ఊదింది. నాన్న వంటింట్లో నిలబడి, కాలితో తాళం వేస్తూ, "తొందరపడకు తల్లీ, తాళం ఎక్కడికీ పోదు, నీ కోసం ఆగుతుంది," అనేవాడు. ఆమె వాయింపులోని ఆ నింపాదితనం నాన్న దగ్గర వచ్చిందే. సెసిల్‌కి పద్నాలుగేళ్ళు వచ్చాక మనసు మారితే, నేర్పింది ఆమే. సగ్డెన్ బ్యాండులో వాడికి కుర్చీ దొరికింది. వాడు సైన్యానికి వెళ్ళిపోతూ, "సగ్డెన్ గారూ, నా కుర్చీలో మా అక్కని కూర్చోబెట్టండి," అన్నాడు.

సగ్డెన్ లావుపాటి మనిషి. ఆమెను కిందనుంచి పైదాకా చూసి, "అమ్మాయ్, ఇది చర్చిలో పాడే పాట కాదు. నాలుగు గంటలు ఊదాలి," అన్నాడు.

"మిల్లులో పది గంటలు నిలబడుతున్నానండి. ఇక్కడ కుర్చీ ఇస్తున్నారుగా," అంది మ్యూరియల్.

నాలుగేళ్ళు వాయించింది. పగలు సైనికుల దుస్తుల బట్ట నేసి, సాయంత్రం జుట్టులోంచి దూది దులుపుకుని, తమ్ముడి ఎర్ర బ్యాండు కోటు నడుం దగ్గర కుట్టించి వేసుకుని వేదిక ఎక్కేది. ఆ నాలుగేళ్ళే తన బతుకులో వెలుగున్న రోజులని ఎప్పుడూ అనుకునేది, పైకి అనేది కాదు. యుద్ధం అయింది, సెసిల్ వచ్చాడు, కుర్చీ అడిగాడు. వాడి కుర్చీ వాడికి ఇచ్చేసింది. ఏడాది తిరక్కుండా వాడికి లండన్‌లో పని దొరికింది. వాడు తరవాత కొనుక్కున్న వాద్యం పాతదై గాలి పోతుంటే తన ఆల్టో తనే ఇచ్చేసి, గుడ్లు పెట్టిన శాండ్‌విచ్‌లు పొట్లం కట్టి, స్టేషన్‌కి వెళ్ళి రైలు మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపింది.

మర్నాడు సోమవారం పొద్దున్నే సావిల్ పార్క్ దగ్గరున్న సెసిల్ ఫ్లాటుకి వెళ్ళింది. తలుపు తీసిన మనిషి మొహం వెలిగిపోతోంది.

"విన్నావా అక్కా? ఎలా ఉంది?"

ఆమె లోపలికి వచ్చింది గానీ కోటు విప్పలేదు. కూర్చోలేదు.

"ఒరేయ్ సెసిల్. నలభై నాలుగు మార్చిలో నువ్వెక్కడున్నావ్?"

అతని మొహంలో వెలుగు అంతా దిగిపోయింది. వంటింట్లో నీళ్ళు మరిగి కెటిల్ ఈల వేసింది. అది అలా కూస్తూనే ఉంటే చివరికి మ్యూరియలే వెళ్ళి పొయ్యి ఆపి వచ్చింది.

"ఇటలీలో," అన్నాడు సెసిల్. "బారీలో. ఆసుపత్రిలో. కామెర్లు."

"మరి లీడ్స్ ఎవరు వెళ్ళారు?"

"నువ్వు."

"మరి నిన్న అలా ఎందుకు చెప్పావ్?"

అతను మంచం లాంటి సోఫా అంచున కూర్చున్నాడు. చేతులు మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు. "నిన్న మొదలైంది కాదక్కా. నలభై నాలుగు వేసవిలో, నేనింకా ఆసుపత్రిలో ఉండగానే మొదలైంది. రీజెన్సీ హాలు వాళ్ళు మనూరి సైనికులకి ఆ ప్లేట్లు పంపారు కదా, ఒకటి మా వార్డుకి వచ్చింది. దాని మీద ఆల్టో, బారక్లఫ్ అని రాసుంది. అంతే. సొంత పేరు మొదటి అక్షరం కూడా లేదు. పక్క మంచం వాడు, ఇది నువ్వేనా అన్నాడు. కాళ్ళు లేనివాడు వాడు. నేనే అని చెప్పాను. ఆ మాట అన్నాక వార్డంతా వచ్చి నా మంచం చుట్టూ కూర్చున్నారు. రోజుకి పదిసార్లు వేయించుకునేవాళ్ళు. ఎలా కాదనను?"

"అక్కడ అన్నావు. సరే. ఇంటికొచ్చాక?"

"వచ్చేసరికి సైన్యం నుంచి తిరిగొచ్చిన వాళ్ళందరికీ తెలిసిపోయింది. నేనే అని."

"నాకు తెలీలేదే."

"నీకు ఎవరు చెబుతారు? నువ్వు ఎదురుగా ఉన్నప్పుడు ఎవరూ ఆ మాట ఎత్తేవాళ్ళు కాదు. నేను ఎత్తనిచ్చేవాణ్ణి కాదు."

మ్యూరియల్ అతని మొహం చూస్తూ నిలబడింది. పాలపళ్ళ నాటి నుంచి తెలిసిన మొహం. ఆ మొహం నలభై మూడేళ్ళుగా ఈ సంగతి లోపల పెట్టుకుని క్రిస్మస్‌కి తన బల్ల దగ్గర కూర్చుని బాతు మాంసం తిన్నదంటే నమ్మశక్యం కాలేదు. తిట్టబోయి మానేసి, వెళ్ళిపోదామని తలుపు వైపు తిరిగింది.

"అక్కా, ఆగు. ఇంకొకటి ఉంది."

"ఇంకేముంది?"

"అది చెప్పకుండా పోదామనే అనుకున్నాను. కానీ నువ్వు ఇప్పుడు వెళ్ళిపోతే మళ్ళీ రావు."

అల్మారా పైనుంచి బిస్కెట్ల డబ్బా ఒకటి దించి, అడుగునుంచి ఒక కాగితం తీసి ఇచ్చాడు. మడతల దగ్గర చిరిగిపోతోంది. 1947 ఏప్రిల్ నాటిది. లండన్ బ్యాండు నాయకుడొకాయన సగ్డెన్‌కి రాసిన ఉత్తరం. మ్యూరియల్ కళ్ళజోడు పెట్టుకుని చదివింది. ఇటలీ నుంచి నా మనిషి ఒకడు తెచ్చిన మీ ప్లేటు విన్నాను, అందులో ఆల్టో వాయించిన బారక్లఫ్ ఎవరో నాకు తెలియదు, ఎవరైనా సరే లండన్ పంపండి, వాయించి చూపించనక్కర్లేదు, కుర్చీ ఖాళీగా పెట్టి ఉంచుతాను అని రాశాడు.

రెండోసారి చదివింది. "ఎవరైనా సరే" అన్న చోట వేలు పెట్టి ఆగింది.

"ఇది సగ్డెన్ నీకిచ్చాడా?"

"లేదు. మనింటికి తెచ్చాడు. నువ్వు మిల్లుకి వెళ్ళావు. ఇంట్లో నేనూ నాన్నా ఉన్నాం. సగ్డెన్ ఉత్తరం నాన్న చేతికిచ్చి, హెర్బర్ట్, ఇది ఎవరికివ్వాలో నువ్వే చెప్పు అన్నాడు."

మ్యూరియల్ కళ్ళజోడు తీసింది. "నాన్న చదివాడా?"

"చదివాడు."

"ఆ వాయించింది నేనని నాన్నకి తెలుసు. లీడ్స్ వెళ్ళే ముందురోజు రాత్రి వంటింట్లో నాతో పదిసార్లు వాయింపించాడు."

"తెలుసు. నేను కూడా అన్నానక్కా. అన్నాను, ఇది అక్కది నాన్నా అని. ఒక్కసారే అన్నాను. గట్టిగా కాదు." సెసిల్ కళ్ళు నేల మీదే ఉన్నాయి. "దానికి జూన్‌లో పెళ్ళి, అది లండన్ వెళ్ళి ఏం చేస్తుందిరా, నువ్వెళ్ళు అన్నాడు నాన్న. సగ్డెన్ టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు."

ఆమె అప్పుడు కూర్చుంది. కోటు, టోపీ, చేతి సంచీ అన్నిటితో సహా అతని వంటింటి స్టూలు మీద కూర్చుంది. తమ్ముడు అబద్ధమాడటం ఒక దెబ్బ. అది ఎక్కడ తగిలిందో తెలుస్తోంది. ఇది ఎక్కడ తగిలిందో కూడా తెలియలేదు. నాన్న చచ్చిపోయేముందు ఆర్నెల్లు ఆమే అన్నం తినిపించింది, గడ్డం గీసింది. ఒక్కరోజు కూడా ఆ ఉత్తరం మాట ఎత్తలేదు. స్టాన్లీ మంచివాడు. అడిగితే లండన్ వెళ్దాం పద అనేవాడో, వద్దనేవాడో. అడిగే అవకాశమే లేకుండా పోయింది. ఆ కుర్చీ తన కోసం ఖాళీగా ఉందని తెలియకుండానే, స్టేషన్‌లో చెయ్యి ఊపి వచ్చి, మర్నాడు మిల్లుకి వెళ్ళిపోయింది.

"నా ఆల్టో ఎక్కడుంది?" అంది.

"ఇక్కడే ఉంది. దాన్నెప్పుడూ అమ్మలేదు."

"తీసుకురా."

తెచ్చాడు. పెట్టె పట్టుకుని లేచింది. తలుపు దగ్గర సెసిల్, "రేడియోలో చెప్పేస్తానక్కా. వచ్చే ఆదివారమే," అన్నాడు.

"నీ ఇష్టం," అంది మ్యూరియల్. బస్సులో పెట్టెను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. దిగాల్సిన చోటు దాటిపోయి రెండు స్టాపులు వెనక్కి నడిచింది.

సెసిల్ మాట నిలబెట్టుకున్నాడు. ఆదివారం ఫోనులో రేడియోకి వచ్చి, ఆసుపత్రి సంగతి, ప్లేటు సంగతి, ఉత్తరం సంగతి అంతా చెప్పాడు. మ్యూరియల్ ఒక్కతే కూర్చుని వింది. అయితే ఆ వారం రేడియోకి వచ్చిన ఉత్తరాలు చూసి ఆ రేడియో మనిషే బిత్తరపోయి ఆమెకి ఫోను చేశాడు. సగానికి పైగా వినేవాళ్ళు నమ్మలేదు. ముసలి అక్క మీద ప్రేమతో తన గొప్ప కూడా వదులుకున్నాడని సెసిల్‌ని మెచ్చుకుంటూ రాశారు. అలాంటి తమ్ముడు ఎవరికుంటాడని ఒకావిడ రాసింది.

మ్యూరియల్ ఫోను పట్టుకుని నవ్వింది. ఆ పదిరోజుల్లో అదే మొదటి నవ్వు.

ఈ ముడి విప్పింది బ్రిగౌజ్‌లో ఉండే వాల్టర్ సట్‌క్లిఫ్. సగ్డెన్ బ్యాండులో ట్రాంబోన్ వాయించినవాడు, ఎనభైకి దగ్గర పడ్డవాడు. రేడియో వాళ్ళకి ఫోను చేసి, "మతులు పోయాయా మీకు? నాలుగేళ్ళు ఆ పిల్ల మెడ వెనక నా ట్రాంబోన్ గొట్టం ఆడింది. ఆ సోలో వాయిస్తున్నప్పుడు నేను అక్కడే ఉన్నా. బారక్లఫ్ వాళ్ళమ్మాయి అది. వాళ్ళబ్బాయి వాయింపూ విన్నాను. మంచివాడే, కానీ ఎప్పుడూ తొందరపడేవాడు," అన్నాడు. ఆ మాటలు అలాగే రేడియోలో వేశారు.

అవి విన్న మర్నాడు జిలియన్ బడి వంటింట్లో పని మధ్యలో వదిలి తిన్నగా తల్లి దగ్గరికి వచ్చింది. పెరటి వైపు నుంచి వస్తుంటే లోపలినుంచి ఒక ధ్వని వినిపించి మెట్టు మీద ఆగిపోయింది. మ్యూరియల్ పై పళ్ళు కట్టుడువి. అవి పెట్టుకుని ఊదితే జారుతున్నాయి, తీసి ఊదితే పట్టు దొరకడం లేదు. మూడు వారాలుగా స్నానాలగదిలో తలుపు మూసుకుని తంటాలు పడుతోంది. ఎక్కువ భాగం కీచుమని అరుపులు, మధ్యలో గాలి. ఒకచోట మాత్రం నాలుగు ఆవర్తనాలు వచ్చాయి. నింపాదిగా, తాళానికి పిసరంత వెనకగా. ముప్ఫై ఆరేళ్ళ జిలియన్ వానలో ఆ మెట్టు మీదే నిలబడిపోయింది. ఈ మనిషి చేతి వంట తిని పెరిగింది, ఈ మనిషి ఇస్త్రీ చేసిన బట్టలు కట్టింది. ఈ ధ్వని ఎక్కడ ఉండిపోయిందో ఆమెకి తోచలేదు.

లోపలికి వెళ్ళి, "అమ్మా, నేను ఆ రోజు..." అంది.

"తడిసిపోయావు. తువ్వాలు అక్కడుంది," అంది మ్యూరియల్. "నాకు పిచ్చెక్కిందనుకున్నావుగా నువ్వు."

"అనుకున్నాను."

"నాకూ అలాగే అనిపించిందే, నిజం చెప్పాలంటే. రేడియోలో వాడు అంత ధీమాగా చెబుతుంటే ఒక్క క్షణం, నేనేనా కాదా అనుకున్నాను."

ఆ తరవాత సోవర్‌బీ బ్రిడ్జిలో మెథడిస్టు చర్చి వాళ్ళ హాల్లో బుధవారం మధ్యాహ్నాలు పాత పాటలు వాయించుకునే రిటైరైన వాళ్ళ బ్యాండులో మ్యూరియల్ చేరింది. పదేళ్ళు వాయించింది. ఊపిరి పొట్టిదైపోయింది, పై స్వరాలు రెండు ఎప్పటికీ రాలేదు, అయినా జనం కుర్చీలు పక్కకి జరిపి ఆడేవాళ్ళు. సెసిల్‌తో ఏడాదిన్నర మాట్లాడలేదు. తరవాత ఒక బుధవారం అతనే హాలుకి వచ్చి చివరి వరసలో కూర్చున్నాడు. మూడు వారాలు అలా కూర్చున్నాక ఆమె విసుక్కుని, "వచ్చినవాడివి ఊరికే కూర్చునే బదులు రెండో ఆల్టో పట్టుకోరాదా," అంది. అప్పటినుంచి పక్కపక్కన కూర్చుని వాయించారు. వాడు తొందరపడితే ఆమె కాలితో వాడి కాలు తొక్కేది.

తమ్ముడి సంగతి అలా సర్దుకుంది. నాన్న సంగతి సర్దుకోలేదు. గోడ మీది ఫోటో తీసెయ్యలేదు, దాని వంక చూడటం మానేసింది. కొన్నాళ్ళు ఆయన సమాధికి పూలు పట్టుకెళ్ళి, ఏమనాలో తెలియక, పూలు పెట్టకుండానే తిరిగొచ్చేది. మధ్యలో ఎప్పుడైనా, బ్యాండు విరామంలో టీ తాగుతూనో, బస్సు కోసం నిలబడో, ఉన్నట్టుండి సెసిల్ వైపు తిరిగేది.

"నిజంగానే అన్నాడా రా? నాన్న?"

"అన్నాడక్కా."

"అదే మాటలా?"

"అవే మాటలు."

ఆమె కాసేపు అతని మొహంలోకి చూసి, తల తిప్పుకునేది. వారం తిరిగేసరికి మళ్ళీ అడిగేది.